అమెరికా విప్లవాన్ని డబ్బు వైపు నుంచి చెప్పే హన్మకొండ క్లాసు: నా రివ్యూ

హన్మకొండలో సివిల్స్‌కి ప్రిపేర్ అవుతూ ప్రపంచ చరిత్ర దగ్గరికి రాగానే చేతులెత్తేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ రివ్యూ వాళ్ళ కోసమే. కిషన్‌పురలో ఒక గల్లీలో రిటైరైన హిస్టరీ లెక్చరర్ ఒకాయన తన ఇంటి పై అంతస్తులో శని, ఆదివారాలు సాయంత్రం పూట క్లాసు చెప్తారు. బయట బోర్డు ఉండదు, ఫ్లెక్సీ ఉండదు, ర్యాంకర్ల ఫొటోలు అసలే ఉండవు, అందుకే ఎక్కువమందికి తెలియదు. ఫీజు నెలకు 1,200 రూపాయలు. నన్నడిగితే ఆ డబ్బుకు ఇంత చదువు వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిపి గాలించినా దొరకదు. లోపాలున్నాయి, అవీ చెప్తాను. ముందు ఎందుకు బాగుందో చెప్పనివ్వండి.

మెయిన్స్ జనరల్ స్టడీస్ మొదటి పేపర్లో 18వ శతాబ్దం నుంచి ప్రపంచ చరిత్ర ఉంటుంది కదా, అందులో అమెరికా విప్లవం అనగానే మనందరికీ ఒకటే వరస వచ్చు. 1765 స్టాంపు చట్టం, 1773 బోస్టన్ టీ పార్టీ, 1776 స్వాతంత్ర్య ప్రకటన, 1781 యార్క్‌టౌన్, 1783 పారిస్ ఒప్పందం. నేను ఇంతకుముందు చేరిన ఒక పెద్ద కోచింగ్ సెంటర్లో (పేరు వద్దులెండి) ఇదంతా ఒక్క పూటలో అయిపోయింది. మైకులో ఆయన చదువుకుంటూ పోయారు, రెండు వందలమంది తలెత్తకుండా రాసుకుంటూ పోయాం. వాషింగ్టన్ సైన్యం ఇక్కడికి వెళ్ళింది, అక్కడ గెలిచింది అని విన్నామే గానీ ఆ సైన్యం ఏం తిన్నది, ఆ సైనికుడికి జీతం ఎవరిచ్చారు, ఇవ్వకపోతే వాడు ఎందుకు ఉన్నాడు అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు.

ఈ సార్ మొదలుపెట్టిందే అక్కడ. బోర్డు మీద వాషింగ్టన్ పేరు కాకుండా రాబర్ట్ మోరిస్ అని రాసి, పక్కన 1734–1806 అని వేసి, "ఈయన ఎవరో తెలిసినోళ్ళు చెయ్యెత్తుండ్రి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడు ఆయన ఏమీ చివాట్లు పెట్టకుండా కుర్చీ లాక్కుని కూర్చుని, లివర్‌పూల్‌లో పుట్టిన ఒక పిల్లాడు పదమూడేళ్ళ వయసులో సముద్రం దాటి మేరీల్యాండ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి రావడం నుంచి చెప్పుకొచ్చారు. తండ్రిది పొగాకు వ్యాపారం. ఒక ఓడ నుంచి గౌరవసూచకంగా పేల్చిన ఫిరంగి దెబ్బే పొరపాటున తగిలి, ఆ గాయంతో 1750లో చనిపోయాడు. కుర్రాడు అప్పటికే ఫిలడెల్ఫియాలో చార్లెస్ విల్లింగ్ అనే పెద్ద వర్తకుడి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. 1757కల్లా ఆ వర్తకుడి కొడుకు థామస్ విల్లింగ్‌తో కలిసి కంపెనీలో భాగస్తుడయ్యాడు. ఓడలు, గోధుమ పిండి, పొగాకు, బీమా, యూరప్‌లోనూ కరీబియన్ దీవుల్లోనూ ఏజెంట్లు. విప్లవం వచ్చేనాటికి ఆ కాలనీల్లో బాగా డబ్బున్న వర్తకుల్లో ఆయనొకడు.

ఇంత డబ్బున్నవాడికి తిరుగుబాటుతో ఏం పని? ఈ ప్రశ్న మాలో ఒకరు అడుగుతారని సార్ ముందే అనుకున్నట్టున్నారు. మోరిస్ 1765లో స్టాంపు చట్టాన్ని ఎదిరించినవాడే, 1775లో పెన్సిల్వేనియా తరఫున కాంటినెంటల్ కాంగ్రెస్‌కు (కాలనీలన్నిటి ప్రతినిధుల సభ) వెళ్ళినవాడే, రహస్య వాణిజ్య కమిటీలో ఉండి తన ఓడల దారుల్లోనే తుపాకీ మందు తెప్పించినవాడే. కానీ 1776 జులై 2న స్వాతంత్ర్యం మీద ఓటు వేసే రోజు మాత్రం ఆయనా, పెన్సిల్వేనియాకే చెందిన ఇంకో ప్రతినిధి జాన్ డికిన్సన్ ఓటింగ్‌కు దూరంగా ఉండిపోయారు. ఇంకా సమయం రాలేదని ఆయన అభిప్రాయం. ఆ ఇద్దరూ పక్కకు తప్పుకోవడం వల్లే పెన్సిల్వేనియా ఓటు స్వాతంత్ర్యం వైపు పడింది. వద్దన్న మనిషి ఆగస్టులో మళ్ళీ వచ్చి అదే ప్రకటన మీద సంతకం పెట్టాడు. ఆ తర్వాత ఆర్టికల్స్ ఆఫ్ కాన్ఫెడరేషన్ (రాష్ట్రాలు కలిసి ఉండటానికి మొదట రాసుకున్న ఒప్పందం) మీద, 1787లో రాజ్యాంగం మీద కూడా పెట్టాడు. ఈ మూడింటి మీదా సంతకం ఉన్నవాళ్ళు ఇద్దరే, మోరిస్, రోజర్ షెర్మన్. బిట్లు బట్టీ పట్టేవాళ్ళకు ఈ ఒక్క లైను చాలు, కానీ నాకు నచ్చింది ఆ జులై 2 సంగతి. అనుమానం ఉన్నవాడు అనుమానం దాచుకోకుండా, అలాగని అడ్డమూ పడకుండా ఎలా నిలబడ్డాడో సార్ విడమరచి చెప్పారు. పాఠ్యపుస్తకాల్లో దేశభక్తులు అందరూ మొదటి రోజు నుంచే ఒకే మాట మీద ఉన్నట్టు రాస్తారు, అట్లా ఉండదు.

ఇక 1776 డిసెంబర్. ఈ భాగం కోసమైనా ఆ క్లాసులో కూర్చోవాలి. బ్రిటిష్ సైన్యం ఫిలడెల్ఫియా వైపు వస్తోందని కాంగ్రెస్ బాల్టిమోర్‌కు తరలిపోయింది. మోరిస్ మాత్రం ఊళ్ళోనే ఉండిపోయి ప్రభుత్వం పనులు చూస్తున్నాడు. సార్ చాక్‌పీసుతో డెలావేర్ నది గీసి, ఇటు పెన్సిల్వేనియా, అటు న్యూజెర్సీ అని రాసి, క్రిస్మస్ రాత్రి వాషింగ్టన్ నది దాటి ట్రెంటన్‌లో బ్రిటన్ తరఫున పోరాడే హెస్సియన్ (జర్మన్) కిరాయి సైనికులను పట్టుకోవడం రెండు ముక్కల్లో ముగించారు. అది అందరికీ తెలిసిందే కాబట్టి. ఆయన ఆగింది ఆ తర్వాతి నాలుగైదు రోజుల దగ్గర. డిసెంబర్ 31తో చాలామంది సైనికుల గడువు అయిపోతుంది, మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోతారు. ఇంకో ఆరు వారాలు ఉంటే మనిషికి 10 డాలర్లు ఇస్తానని వాషింగ్టన్ మాటిచ్చేశాడు, చేతిలో చిల్లిగవ్వ లేదు. శత్రువు కదలికలు చేరవేసే వేగులకు ఇవ్వడానికైతే కాగితం డబ్బు పనికిరాదు, వెండి కావాలి. మోరిస్‌కు ఉత్తరం రాశాడు. మోరిస్ ఊళ్ళో వెతికి పంపిన లెక్కను సార్ బోర్డు మీద ఒక్కొక్కటిగా రాశారు. 410 స్పానిష్ డాలర్లు, 2 ఇంగ్లిష్ క్రౌన్లు, ఇంకొన్ని షిల్లింగులు, కొన్ని ఫ్రెంచ్ నాణేలు. ఇంత పెద్ద ఊళ్ళో ఒక సైన్యాధిపతి కోసం గీకి గీకి పోగేస్తే వచ్చిన గట్టి డబ్బు అది. 1777 జనవరి 1న సైనికుల కోసం 50,000 డాలర్ల కాగితం డబ్బు పంపాడు. జనవరి 3న ప్రిన్స్‌టన్‌లో వాళ్ళు మళ్ళీ గెలిచారు. మూడు దేశాల నాణేలు కలగలిసిన ఆ మూట గురించి వింటున్నప్పుడు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నాకైతే అప్పటిదాకా యుద్ధం అంటే మ్యాపు మీద బాణం గుర్తులు, ఆ రోజు నుంచి కాదు.

ఆ తర్వాత కాగితం డబ్బు ఎందుకు చెల్లలేదో చెప్పిన క్లాసు ఎకనామిక్స్ పేపర్‌కు కూడా పనికొచ్చింది. కాంగ్రెస్‌కు పన్ను వేసే అధికారమే లేదు. రాష్ట్రాలను అడుక్కోవాలి, అవి ఇచ్చినప్పుడు ఇస్తాయి. అందుకని నోట్లు అచ్చేశారు, 1779 నాటికి 20 కోట్ల డాలర్ల దాకా. వెనక వెండి లేదు, బంగారం లేదు, పన్నులు లేవు. 1780 మార్చిలో కాంగ్రెస్సే 40 కాగితం డాలర్లకు 1 వెండి డాలర్ అని ఒప్పుకోవాల్సి వచ్చింది. సైనికుడికి ఇచ్చే జీతం ఈ కాగితమే, అందుకే జీతం వచ్చినా రానట్టే. ద్రవ్యోల్బణం గురించి ఎన్ని నిర్వచనాలు చదివినా ఎక్కనిది ఇలా ఒక సైనికుడి జేబులో పెట్టి చూపిస్తే ఎక్కింది.

1781 ఫిబ్రవరిలో కాంగ్రెస్ మోరిస్‌ను ఆర్థిక సూపరింటెండెంట్‌గా పెట్టుకుంది, ఇప్పటి లెక్కలో ఆర్థిక మంత్రి. ఆయన షరతులు పెట్టాడు. నా సొంత వ్యాపారం మానను, నా కింద ఉద్యోగులను తీసే అధికారం నాకే ఉండాలి అన్నాడు. కాంగ్రెస్‌కు గత్యంతరం లేదు, ఒప్పుకుంది. ప్రభుత్వానికి పరపతి లేదు, మోరిస్‌కు ఉంది. మే నెలలో సైన్యానికి తిండి లేదంటే న్యూయార్క్‌లో ఫిలిప్ షైలర్‌కు, న్యూజెర్సీలో థామస్ లౌరీకి ఉత్తరాలు రాసి, మీరు చెరో 1,000 పీపాల గోధుమ పిండి పంపండి, డబ్బుకు నేను పూచీ అన్నాడు. ఆ తర్వాత తన సంతకంతో నోట్లే విడుదల చేశాడు. ఇది మాకు ఎక్కించడానికి సార్ వరంగల్ ఎనుమాముల మార్కెట్ ఉదాహరణకు పోయారు. పత్తి తెచ్చిన రైతుకు అడ్తిదారు నగదు ఇవ్వకుండా చిట్టీ రాసిస్తే, ఎరువుల దుకాణంలో ఆ చిట్టీ నడుస్తుందా లేదా అన్నది చిట్టీ మీద ఎవరి పేరుందో దాన్ని బట్టే కదా, అమెరికా ప్రభుత్వం పేరు మీద చిట్టీ నడవని రోజుల్లో మోరిస్ పేరు మీద నడిచింది అన్నారు. మా బ్యాచ్‌లో సగంమంది నర్సంపేట, పరకాల, వర్ధన్నపేట వైపు రైతుల పిల్లలమే. అడ్తి చిట్టీ అంటే ఏంటో, వెంటనే నగదు కావాలంటే ఎంత కటింగ్ పోతుందో ఇంట్లో చూసి పెరిగినవాళ్ళం, ఇంక వేరే వివరణ అక్కర్లేకపోయింది.

యార్క్‌టౌన్‌ను కూడా ఇదే దారిలో చెప్పారు. 1781 ఆగస్టులో మోరిస్ వాషింగ్టన్ శిబిరంలోనే ఉన్నాడు, ఖర్చు తగ్గించడం గురించి మాట్లాడటానికి వెళ్ళి. అక్కడుండగానే ఫ్రెంచ్ నౌకాదళం చెసపీక్ అఖాతం వైపు వస్తోందని కబురు వచ్చింది. వాషింగ్టన్ న్యూయార్క్ మీద దాడి ఆలోచన పక్కనపెట్టి సైన్యాన్ని దక్షిణానికి తిప్పాడు. వందల మైళ్ళ నడక, దారి పొడవునా తిండి, పడవలు, బండ్లు. ఇదంతా చూడాల్సిన భారం మోరిస్ మీద పడింది. ఫిలడెల్ఫియా మీదుగా వెళ్తున్న సైనికులు చాలాకాలంగా జీతం ఎరగరు, ఒక నెల జీతమైనా వెండిలో ఇస్తే తప్ప కదలరేమోనని వాషింగ్టన్ భయం. మోరిస్ దగ్గర అంత వెండి లేదు. ఫ్రెంచ్ సేనాని రోషాంబో దగ్గర 20,000 డాలర్ల వెండి అప్పు తీసుకుని, హెడ్ ఆఫ్ ఎల్క్ అనే చోట సైనికుల చేతిలో పెట్టించాడు. అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ లొంగిపోయాడు.

అంటే ఒక ఫ్రెంచ్ సేనాని అప్పిచ్చిన డబ్బుతో అమెరికా సైనికుడికి జీతం. సార్ ఈ మాట గట్టిగా పట్టుకున్నారు, పట్టుకోవడమే సరైంది. మోరిస్ ఒక్కడే జేబులోంచి యుద్ధం నడిపాడన్న కథ ప్రచారంలో ఉంది, అది నిజం కాదు. ఫ్రాన్స్ ఇచ్చిన అప్పులు, విరాళాలు లేకపోతే ఆయన నోట్ల వెనక నిలబడే వెండే లేదు. 1781 ఆగస్టు చివర్లో కాంగ్రెస్ దూత జాన్ లారెన్స్ ఫ్రాన్స్ నుంచి వెండి నాణేల పెట్టెలతో బోస్టన్‌లో దిగితే, వాటిని ఎడ్ల బండ్ల మీద ఫిలడెల్ఫియా దాకా తోలుకొచ్చారు. 1782 జనవరి 7న తలుపులు తెరిచిన బ్యాంక్ ఆఫ్ నార్త్ అమెరికాకు పెట్టుబడిలో సింహభాగం ఆ వెండే. ఆ బ్యాంకు ఆలోచన మోరిస్‌ది, ప్రెసిడెంటుగా కూర్చున్నది ఆయన పాత భాగస్తుడు థామస్ విల్లింగ్. ఎడ్ల బండి మీద వచ్చిన వెండి, దాని మీద బ్యాంకు, ఆ బ్యాంకు ప్రభుత్వానికి ఇచ్చిన అప్పు, ఈ మూడింటినీ ఒకదానికొకటి బాణం వేసి సార్ గీసిన బొమ్మ నా నోట్సులో ఇప్పటికీ అన్నింటికంటే ఎక్కువ తిరగేసే పేజీ.

ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి అప్పుడు లేచి, "సార్, ఇంత చేసిండు కదా, మరి ఆయనకేం లాభం లేదా?" అని అడిగింది. "ఎందుకు లేదు బిడ్డా, ఉన్నది. అదే రేపటి క్లాసు" అన్నారు.

రెండో రోజు నిజంగానే అదే. ప్రభుత్వానికి సరుకులు కొనే కమిటీలో తాను ఉంటూ, తన కంపెనీకే కాంట్రాక్టులు వచ్చేలా ఉండటం. శత్రు ఓడలను దోచే ప్రైవేటు యుద్ధనౌకల్లో వాటాలు. 1779లో రచయిత థామస్ పెయిన్, కాంగ్రెస్ నాయకుడు హెన్రీ లారెన్స్ లాంటివాళ్ళు ఆయన లెక్కల మీద బహిరంగంగా వేలెత్తి చూపారు. కాంగ్రెస్ కమిటీ విచారించి తప్పేమీ లేదని తేల్చింది. కానీ జనం ఊరుకోలేదు, ధరలు మండిపోతున్నాయి, పిండి దాచిపెట్టారన్న కోపం. అక్టోబర్ 4న ఫిలడెల్ఫియాలో ఆయుధాలతో మిలీషియా (మామూలు జనంతో ఏర్పడిన స్థానిక దళం) గుంపు, ప్రకటన మీద సంతకం పెట్టిన జేమ్స్ విల్సన్ ఇంటి మీదికి వెళ్ళింది. లోపల దాక్కున్నవాళ్ళలో మోరిస్ కూడా ఉన్నాడు. కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళ మీద, అదే స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న బీదవాళ్ళు తుపాకీ ఎత్తారు. విప్లవం లోపల ఇంకో తగువు ఉంటుందని ఇంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనపడలేదు.

సార్ ఇక్కడ తీర్పు చెప్పరు. రెండు వైపులా కాగితం మీద పెట్టించి మీరే రాయండి అంటారు. నా తీర్పు నేను రాశాను, ఇక్కడా చెప్తాను. ఆ రోజుల్లో ప్రభుత్వానికి సొంత గోదాము లేదు, సొంత ఓడలు లేవు, విదేశాల్లో పరపతి లేదు, కాబట్టి వర్తకుడి గోదాములోనే దేశం సరుకు పెట్టాల్సి వచ్చింది. అంతవరకు మోరిస్‌ను తప్పుపట్టలేం. కానీ ఎవరి సరుకు ఎవరిదో లెక్క విడిగా చూపించాల్సిన బాధ్యత మాత్రం అంత తెలివైన మనిషికి తెలియనిది కాదు. ఆయన సేవ నిజం, ఆయన లాభమూ నిజం. ఒకటి చెప్పి రెండోది మింగేస్తే ఆ జవాబుకు మార్కులు వెయ్యకూడదు.

క్లాసు మీద నా మొదటి పెద్ద ఫిర్యాదు కూడా ఇక్కడే. విల్లింగ్-మోరిస్ కంపెనీ ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల వ్యాపారం కూడా చేసింది. సార్ ఆ సంగతి దాచలేదు, కానీ ఒక్క వాక్యంలో చెప్పి బ్యాంకు దగ్గరికి వెళ్ళిపోయారు. మనుషులను అమ్మిన డబ్బు కొంతైనా ఆ సంపదలో కలిసి ఉన్నప్పుడు, ఆ సంపద స్వేచ్ఛ కోసం ఖర్చయిన కథలో దానికి ఒక పూట కేటాయించాలి. క్లాసు అయ్యాక అడిగితే ఓపిగ్గా అరగంట మాట్లాడారు, పుస్తకం కూడా ఇచ్చారు. అది అందరి ముందూ జరగాల్సిన మాట. వచ్చే బ్యాచ్‌కైనా మారుస్తారని గట్టిగా కోరుకుంటున్నా.

హేమ్ సాలమన్ గురించి చెప్పిన క్లాసు మాత్రం అద్భుతం. పోలండ్ నుంచి వచ్చిన యూదు దళారి. ఫ్రాన్స్ ఇచ్చే సాయం చాలావరకు హుండీల (ఇంత సొమ్ము ఫలానా చోట చెల్లిస్తామని రాసిచ్చే కాగితాల) రూపంలో వచ్చేది. వాటిని ఫిలడెల్ఫియా వర్తకులకు అమ్మి నగదు చేస్తే తప్ప మోరిస్ ఖజానాకు అక్కరకు రాదు, ఒకేసారి అన్నీ బజారులో పెడితే ధర పడిపోతుంది. ఆ పని తక్కువ కమీషన్‌కు, ధర పడిపోకుండా చేసిపెట్టినవాడు సాలమన్. మోరిస్ ఆఫీసు డైరీలో ఆయన పేరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది. తర్వాత దేశాధ్యక్షుడైన జేమ్స్ మాడిసన్ చేతిలో డబ్బాడక ఇబ్బంది పడుతుంటే వడ్డీ లేకుండా సర్దాడు. 1785 జనవరిలో నలభై నాలుగేళ్ళకే చనిపోయాడు, ఆస్తి కంటే అప్పులే ఎక్కువ తేలాయి. వారసులు తరాలపాటు కాంగ్రెస్‌కు అర్జీలు పెట్టుకున్నా పైసా రాలేదు. సాలమన్ చుట్టూ కూడా పుక్కిటి కథలు చాలా అల్లారు, సార్ వాటిని విడదీసి, పత్రాల్లో ఉన్నదేంటో, తర్వాత చేర్చిందేంటో వేరువేరుగా చూపించారు. మోరిస్ పేరు బ్యాంకు కాగితాల మీద, సంతకాల మీద ఉంది. ఈయన పేరు మా పాత నోట్సులో ఎక్కడా లేదు. ఆ రోజు ఇంటికి వెళ్తుంటే కడుపులో దేవినట్టయింది.

మోరిస్ చివరి రోజులను సార్ ఎక్కువ సాగదీయలేదు, అది మంచిదే. సెనేటర్ అయ్యాడు. ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న కాలంలో ఆయన ఇంట్లోనే వాషింగ్టన్ అధ్యక్షుడిగా కాపురం ఉన్నాడు. తర్వాత భూముల పిచ్చి పట్టుకుంది. లక్షల ఎకరాలు అప్పు తెచ్చి కొన్నాడు, కొనేవాళ్ళు వస్తారనుకుంటే రాలేదు. 1798 ఫిబ్రవరిలో బాకీదారుల జైల్లో వేశారు. ఆ ఏడాదే ఊరికి వచ్చిన వాషింగ్టన్ జైలుకు వెళ్ళి ఆయనతో కలిసి భోంచేశాడు. 1801లో కొత్త దివాలా చట్టం వల్ల బయటపడ్డాడు. మా చుట్టుపక్కల రియల్ ఎస్టేట్ చూస్తూ పెరిగిన మాకు ఈ భాగానికి నోట్సు అవసరం పడలేదు.

హోంవర్క్ గురించి ఒక మాట. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే తెలుగు గ్రంథాలయం రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో పుట్టింది, మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారు అండగా నిలిచారు. 1904లో మన హన్మకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. డబ్బున్నవాళ్ళు ఒక ఉద్యమానికి సొమ్ము ఇచ్చినప్పుడు ఆ ఉద్యమం దిశ ఏమవుతుందో మోరిస్‌నూ వీళ్ళనూ పక్కపక్కన పెట్టి 250 పదాల్లో రాయమన్నారు. చాలా కష్టమైన ప్రశ్న. నేను ఆ వారం పనులన్నీ పక్కనపెట్టి భాషానిలయం పోయి కూర్చున్నా. కోచింగ్ ఫీజు కట్టి మన ఊరి చరిత్ర కూడా తెలుసుకోవడం నాకు ఇదే మొదలు.

ఇప్పుడు మిగతా లోపాలు. ఆన్సర్ పేపర్లు దిద్ది ఇవ్వడానికి చాలా ఆలస్యం చేస్తారు. సార్ ఒక్కరే, ప్రతి పేపరు పూర్తిగా చదివి ఎర్ర సిరాతో పేజీకి పేజీ రాస్తారు, దానికి సంతోషమే, కానీ తర్వాతి టాపిక్ సగం అయ్యాక పేపరు చేతికొస్తే ఉపయోగం తగ్గిపోతుంది. మ్యాపులు జిరాక్స్ మీద జిరాక్స్ తీసినవి, డెలావేర్ నది ఎక్కడో, చెసపీక్ ఎక్కడో ఫోన్లో చూసుకోవాల్సిందే. గది చిన్నది, ముప్ఫైమంది కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి, ఎండాకాలం ఊపిరాడదు. ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా క్లాసు ఆగదు. బండి పెట్టుకోవడానికి గల్లీలో జాగా లేదు, మెయిన్ రోడ్డు మీద పెట్టి నడిచి రావాలి. రికార్డింగు ఒప్పుకోరు, ఒక క్లాసు పోతే పక్కవాళ్ళ నోట్సే దిక్కు. చెప్పేది తెలుగులోనే. ఇంగ్లిష్ మీడియంలో రాసేవాళ్ళు పదాలు తామే సరిచూసుకోవాలి, సార్ బోర్డు మీద రెండు భాషల్లోనూ రాస్తారు కాబట్టి అంత టెన్షన్ పడక్కర్లేదు.

ప్రిలిమ్స్ నెలలో ఉందనగా బిట్ల కోసం పరిగెత్తేవాళ్ళు ఇక్కడికి రావద్దు, మీకూ సార్‌కూ ఇద్దరికీ ఇబ్బంది. మెయిన్స్‌కి సంవత్సరం టైం ఉన్నవాళ్ళు, డిగ్రీలో హిస్టరీ తీసుకున్నవాళ్ళు, కొలువు చేస్తూ చదువుకునేవాళ్ళు తప్పకుండా వెళ్ళండి. అమ్మాయిలకు చెప్తున్నా, క్లాసు ఎనిమిదింటికల్లా అయిపోతుంది, మేడమ్ గారు కూడా ఇంట్లోనే ఉంటారు. దూరం నుంచి వచ్చేవాళ్ళను బస్సు టైం చూసుకుని ముందే పంపించేస్తారు.

నెల మధ్యలో కొత్తవాళ్ళను తీసుకోరు. ఒకటో తారీఖు దాటాక వచ్చే మొదటి శనివారం నాలుగింటికి వెళ్ళి కలవండి, మొదటి రెండు క్లాసులు ఫీజు లేకుండా కూర్చోనిస్తారు. ఇప్పుడు ఫ్రెంచ్ విప్లవం నడుస్తోంది. అమెరికాకు అప్పులిచ్చి ఫ్రాన్స్ ఖజానా ఎట్లా ఖాళీ అయ్యిందో అక్కడి నుంచి మొదలుపెట్టారు, కాబట్టి చేరే ముందు ఎవరి దగ్గరన్నా మోరిస్ క్లాసు నోట్సు అడిగి ఒకసారి చదువుకుని వెళ్ళండి.